పూజకు ఆర్పిన రౌటర్

“ఆర్పు యాదమ్మా. ఒక్కసారి ఆర్పి వెలిగించు.”

“నేనైతె ఆర్ప సారూ. ఇంతసేపటికి లేచింది. మళ్ల పండుకుంటె ఎవరు లేపుతరు?”

“పొద్దుగాల పూజకు ఆర్పింది నువ్వేనాయె! అప్పుడు లేని భయం ఇప్పుడేంది?”

“అప్పుడు నా కొలువు మీదికి రాలే. నువ్వు ఊర్ల గారెలు తినుకుంట చెప్తున్నవ్.”

“గారెలు చల్లారినయ్. ఎస్టీడీ బూతుల మీటరు తిరుగుతున్నది. జల్దీ ఆర్పు!”

రెండువేల రెండుల, ఆయుధ పూజ నాటి సాయంత్రం. కాజీపల్లి దిక్కున ఒక మందుల ఫ్యాక్టరీల నేను కంప్యూటర్ రూము అటెండర్‌ను. అంతకు ముందు డ్రమ్ముల షెడ్డుల లేబుళ్లు అంటించిన. చదివింది నాలుగో తరగతి. ఇంగ్లీషు అక్షరాలు ఆ లేబుళ్ల మీదనే నేర్చిన. ఫోన్‌ల ఉన్నది రవీందర్ సారు, మా నెట్‌వర్క్ ఇంజనీరు. పండుగకు ఊరికి పోయిండు.

ఆ దినం ప్రతి మిషిన్ ఆపి, తుడిచి, బొట్టు పెట్టుడు మా ఫ్యాక్టరీ పద్ధతి. రియాక్టర్లకు, తూకం మిషిన్లకు వాటిని నడిపేటోళ్లు పెట్టుకున్నరు. నా రూముల రౌటర్‌కు నేను పెట్టిన. మా కంప్యూటర్లను పట్నం ఆఫీసుతోని కలిపే డబ్బా అది. నడిచేదానికి బొట్టు పెట్టరు గనుక ఆర్పిన. పూజైనంక వెలిగిస్తే దీపాలొచ్చినయ్ గని లైను రాలే. పండుగైనా తెల్లారి సరుకు లారీ కదలాలె. పట్నానికి బిల్లు పోకుంటె కదలదు. “రేపు లైను లేకుంటె నువ్వు మళ్ల డ్రమ్ముల షెడ్డుకే” అన్నడు మేనేజర్.

రవీందర్ సారు ఫోన్‌ల, రౌటర్‌కు వైరు తగిలించిన కంప్యూటర్ తెర మీది అక్షరాలన్ని నాతోని చదివించుకున్నడు. ఇయ్యాల్నే కొన్న డబ్బా లెక్క, మొదటి నుంచి సెట్టింగులు పెడ్తవా అని రౌటర్ అడుగుతున్నది. అది ఇని, తప్పు తనదేనన్నడు. పోయిన నెల పాస్‌వర్డ్ మరిచిపోతె, దాచిన సెట్టింగులు చూడకుండ లేవాలని దానికి 2142 అనే నంబరు పెట్టిండట. పనైనంక దాన్ని 2102కు మార్చాలె. మార్చలే. నడుమ ఎవ్వరు ఆర్పలే, కరెంటు పోయినా బ్యాటరీ మీద నడిచింది గనుక బయటపడలే.

ఇగ ఆయన చెప్పుడు, నేను కొట్టుడు. ప్రతి ముక్క కొట్టి, మళ్ల చదివి వినిపించినంకనే ఎంటర్ నొక్కిన. డ్రమ్ముల షెడ్డుల బ్యాచ్ నంబర్లు గిట్లనే సరిచూసేటోళ్లం. ఒక్క అంకె తప్పితె డ్రమ్ము వాపస్ వచ్చేది. పాత సెట్టింగులు ఎక్కినయ్, లైను వచ్చింది, 2102 పెట్టిన. గప్పుడు ఆర్పుమన్నడు. మా పంచాయితి అక్కడొచ్చింది.

ఆఖరుకు ఆర్పిన. వెలిగించిన. దానంతటదే లేచి లైను తెచ్చుకున్నది.

“శభాష్ యాదమ్మా!”

“నీ మీటరు చూసుకో” అని ఫోన్ పెట్టేసిన.

మిషిన్ నడుస్తున్నదంటె పనైనట్టు కాదు. ఆర్పి వెలిగించినంక గూడ నడిస్తెనే అయినట్టు. రిటైరయ్యేదాక నా రూముకు ఎంత పెద్ద ఇంజనీరు వచ్చినా, ఆర్పి చూపిచ్చినంకనే బయటికి పోనిచ్చిన.

తెల్లారి పొద్దుగాల్నే కరెంటు పోయింది, బ్యాటరీ గూడ అయిపోయింది. కరెంటు వచ్చినంక రౌటర్ నెత్తి మీది బొట్టుతోని అట్లనే లేచింది. బిల్లు పోయింది, లారీ గేటు దాటింది. మేనేజర్ నా రూములకు తొంగిచూసి చాయ్ తెమ్మన్నడు. తెచ్చిచ్చిన.