రెండు లేజర్ పెన్నులు, మా చెల్లి కుడికన్ను

పదకొండేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. బహుశా అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో.

మాది ఒడిశా బరంపురంలో లంజిపల్లి. నాన్న రైల్వేలో పట్టాలు మార్చే పని చేసేవాడు. అమ్మ మా చిన్నప్పుడే పోయింది. నాకన్నా నాలుగేళ్ళు చిన్నది చెల్లి రేవతి. రైలింజను నడిపే ఉద్యోగానికి నేను రెండుసార్లు పరీక్ష రాసి తప్పాను. ఆమె మొదటిసారే గట్టెక్కింది. ఇక కళ్ళూ ఒళ్ళూ చూసే వైద్యపరీక్ష ఒక్కటే మిగిలింది. నాన్న వీధంతా మిఠాయి పంచి, నా చేతిలోనూ ఒకటి పెట్టాడు. నవ్వుతూ తిన్నాను. ఆ నవ్వు ఎంత కష్టపడి తెచ్చుకున్నానో నాకే తెలుసు.

అప్పుడు నేను ట్యూషన్ సెంటర్లో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. పాఠం కోసం రెండు లేజర్ పెన్నులు కొన్నాను. ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ. రెండింటి మీదా ఒకే శక్తి అని రాసి ఉంది. దేని వెలుగు ఎక్కువో ముందు ఇంట్లో చూసుకుందామని, ఆదివారం మధ్యాహ్నం కిటికీలు మూసి గోడకు తెల్ల దుప్పటి కట్టాను. రేవతిని సాయం పిలిచాను. ఆమె దుప్పటి పక్కన నిలబడింది. నేను ఒక్కో పెన్నూ మార్చి మార్చి వెలిగించాను.

"శక్తి ఒకటే. పచ్చరంగు మన కంటికి ఎక్కువగా తోస్తుంది, అంతే," అన్నాను మాస్టారిలా.

ఆమె నవ్వింది. "అంత తేడా రంగుది కాదన్నియ్యా. పచ్చదానికి నిజంగానే శక్తి ఎక్కువుంది. సుక్క సూస్తేనే కళ్ళు జిగేలంటన్నాయి. దాని మీద ఏటి రాస్తే అది నమ్మీసినావేటి? రేపు పిల్లలకీ ఇదే సెప్తావా?"

ఆమె చెప్పింది నిజమే. నాకు తెలిసిపోయింది. తెలిసింది కాబట్టే ఒళ్ళు మండింది.

"ఇటు చూడు," అన్నాను.

చూసింది. ఆకుపచ్చ పెన్ను ఆమె కంటికి తిప్పాను. ఒకటి, రెండు అని లెక్కపెట్టుకునేంత సేపు. ఏమవుతుందో తెలియదా? ఫిజిక్స్ చదివినవాణ్ణి, తెలియదని ఎలా అనను? కన్నే పోతుందనుకోలేదు. కానీ నొప్పి కలగాలనుకున్నాను. ఆ నవ్వు ఆగాలనుకున్నాను.

ఆగింది. కుడికన్ను మూసుకుని కూర్చుండిపోయింది.

"చెయ్యి జారింది," అన్నాను. ఆమె నమ్మింది.

నాలుగు రోజులైనా చూపు మధ్యలో నల్లమచ్చ పోలేదు. డాక్టరు కంటి వెనక కాలిన గుర్తు ఉందన్నాడు. సూర్యుణ్ణి గానీ, లేజరును గానీ చూశావా అని ఒడియాలో అడిగాడు. ఆ వారమే సూర్యగ్రహణం వచ్చి వెళ్ళింది. నా నోటి నుంచి ఎంత సులువుగా వచ్చిందో ఆ అబద్ధం! గ్రహణం చూసిందని చెప్పాను. రేవతి ఒక్కసారి నా ముఖంలోకి చూసి, అవునంది.

వైద్యపరీక్షలో ఆమెను తీసేశారు. "సూడొద్దని ఎన్నిసార్లు సెప్పినాను! ఇన్నేదు. సేతులారా సెడగొట్టుకుంది," అని నాన్న ఇంటికొచ్చిన ప్రతివాళ్ళతో అనేవాడు. పక్కగదిలో ఆమె ఉండేది. ఆమె పక్కన నేనూ ఉండేవాణ్ణి. ఒక్క మాటతో ఆపగలిగేవాణ్ణి. ఎన్ని వందలసార్లు ఆపలేదో.

ఇప్పుడు ఆమె మా ఊళ్ళోనే, గోసాని నువాగాంలో చిన్నపిల్లల బడిలో టీచరు. ఎదుటివాళ్ళ ముఖం చూడాలంటే తల కొంచెం పక్కకి తిప్పుతుంది. కొత్తవాళ్ళు పొగరనుకుంటారు.

నిరుడు నాన్న పోయాడు. అస్థికలు కలపడానికి మా దగ్గర్లోని రామయ్యపట్నం సముద్రానికి వెళ్ళాం. కుండ నీళ్ళలో వదిలాక ఆమె తడిచీరతో ఇసుకలో నా పక్కన కూర్చుంది.

"నాన్నకి ఒక్కపాలైనా సెప్పీసి ఉండాల్సింది, గ్రహణం కాదని. నిన్నేటంటాడోనని నానే ఆగిపోనాను," అంది. మళ్ళీ తనే నన్ను ఓదార్చింది. "పోనీలే అన్నియ్యా. నువ్వేటి, కావాలని సేసినావా?"

"లేదమ్మా," అన్నాను.

అప్పటి అబద్ధాలు భయంతో ఆడానని సర్దిచెప్పుకోవచ్చు. ఇది దేనికి? నాన్న లేడు. తిట్టేవాళ్ళు లేరు. ఆమె ముందు మంచి అన్నయ్యగా మిగలాలని, అంతే. పదేళ్ళ నింద నా కోసం మోసిన మనిషికి ఆ నిజమైనా ఇవ్వలేకపోయాను.

ఈ కాగితం ఆమెకిస్తానో లేదో తెలియదు. ఇస్తే క్షమిస్తుందేమో, అదీ భయమే. క్షమించకపోతే, అదీ న్యాయమే. కానీ సముద్రం ఒడ్డున చెప్పాల్సిన జవాబు ఇదిగో, ఇక్కడ రాస్తున్నాను.

కావాలనే చేశానమ్మా.