రాతి వెనక గీతలు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లోకంలో ఏదీ ఉండేది కాదు. ఇరవై నాలుగేళ్ళ వయసు, చరిత్రలో ఎమ్మే, భుజాన గుడ్డసంచీ, చేతిలో గోడ మీద ఎర్రచుక్క వేసే లైటు. ఈ నాలుగూ ఒకచోట చేరితే మనిషి ఎంత ప్రమాదకరంగా తయారవుతుందో నాకు అప్పట్లో చెప్పేవాళ్ళు లేరు. (చెప్పినా వినేదాన్ని కాదు లెండి.) ఇప్పుడు తరగతిలో ఏ వాక్యం మొదలుపెట్టినా ముందు "బహుశా" అంటాను. అది నా ఊతపదమని పిల్లలు వెనక బెంచీల్లో నవ్వుకుంటారు. ఆ మాట నాకు ఎక్కడ అంటుకుందో వాళ్ళకు తెలియదు. పెనుకొండ దాటి లోపలికి పోతే వచ్చే ఒక ఊరి పొలంలో, ఒక రాతి వెనక అంటుకుంది.

మాది ధర్మవరం. నాయన పట్టుమగ్గం నేసేవాడు. ఎమ్మే పాసై ఏ ఉద్యోగమూ రాక నేను ఇంట్లో కూర్చుంటే, ఆ మగ్గం చప్పుడు నన్ను రోజంతా ఎత్తిపొడుస్తున్నట్టే ఉండేది. అలాంటప్పుడు తెలిసింది, హిందూపురంలో రిటైరైన పెద్దవాళ్ళు కొందరు చదువుల సంఘం ఒకటి పెట్టుకున్నారనీ, మన చుట్టుపక్కల శిల్పాల గురించీ చరిత్ర గురించీ బుధవారం బుధవారం వచ్చి చెప్పే మనిషి కావాలంటున్నారనీ. ప్యాసింజరు బండెక్కి వెళ్ళాను. చింతపండు మండీ మిద్దె మీద హాలు. మెట్లెక్కుతుంటేనే నోట్లో నీళ్ళూరేవి. పదిహేడుమంది సభ్యులు. సంఘానికి పెద్ద టీసీ తాత. రైల్వేలో ముప్పై ఏళ్ళు టికెట్లు అడిగిన మనిషి కాబట్టి, తలుపు దగ్గర నిలబడి వచ్చినవాళ్ళను వచ్చినట్టు లెక్కపెట్టుకునేవాడు. ఉపన్యాసం మధ్యలో ఎవరైనా కునుకు తీస్తే వెళ్ళి మెల్లగా భుజం తట్టేవాడు. నా మీద గౌరవంతో లేపుతున్నాడని నేను మురిసిపోయాను. "అదేంలేదమ్మా, ఉండారో లేదో చూస్తాండా," అన్నాడు ఒకరోజు. నవ్వాను గానీ, ఆ మాటలో పరిహాసం సగమే. అప్పటికి నెల రోజుల్లోనే రెండు కుర్చీలు ఖాళీ అయ్యాయి. పోయినవాళ్ళ కుర్చీ మీద ఒక తువ్వాలు మడిచి, ఒక్క బుధవారం పాటు అలాగే ఉంచేవాళ్ళు. ఆ మరుసటి వారం కుర్చీని గోడకు చేర్చేసేవాళ్ళు. నేను ఆ తువ్వాలు వైపు చూడకుండా ఎర్రచుక్కను గోడ మీద పరుగెత్తించేదాన్ని.

నా ఐదో ఉపన్యాసం రాతిబొమ్మల మీద. యుద్ధంలో పోయిన మగవాళ్ళకు నిలిపిన రాళ్ళు, మొగుడి చితిలో కాలిపోయిన ఆడవాళ్ళకు నిలిపిన రాళ్ళు. ఈ రెండో రకంలో మోచేతి దగ్గర మడిచి పైకెత్తిన ఒక చెయ్యి, దాని నిండా గాజులు చెక్కి ఉంటాయి. అలాంటి రాయి ఒకటి పెనుకొండ అవతలి పొలంలో నేనే కనిపెట్టాను. (పసుపు పూసి, బొట్లు పెట్టి, ఊరంతా మొక్కుతున్న రాయిని నేను కనిపెట్టడమేమిటని అప్పుడు నాకు తోచలేదు.) మగవాళ్ళు దాని ముందు నిలబడి దండం పెట్టాలే గానీ వెనక్కి పోకూడదని ఆ ఊరి కట్టుబాటు. నేను ఆడదాన్ని గనక వెనక్కి పోయాను. అక్కడ రాతి కింది భాగంలో వరసగా గీతలు కనబడ్డాయి. ఫోటో తీసి గోడంత పెద్దది చేసి చూపించి, "ఇది శాసనం. పాతకాలపు కన్నడ లిపి. ఇంతవరకూ ఏ పండితుడూ చూడలేదు," అని ప్రకటించాను. నాకు పాత కన్నడం ఒక్క అక్షరం రాదు. "పాపం, ఊరివాళ్ళకు అసలు విషయం తెలియక అమ్మవారనుకుని మొక్కుతున్నారు," అని కూడా జాలిపడ్డాను. ముందు వరసలో కన్నడ మేష్ట్రు కూర్చున్నాడు. అమరాపురం వైపు బళ్ళలో కన్నడం చెప్పి రిటైరైన మనిషి. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని గోడ వైపు చూశాడు. ఆయన పక్కన నర్సమ్మ. ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. వేలకొద్దీ పిల్లల్ని భూమ్మీద పడేసిన చేతులు, ఒక్క గాజైనా లేని చేతులు, ఒడిలో పెట్టుకుని కూర్చుంది. "తెలీకుండా కాదు పాపా, తెలిసే మొక్కుతారు," అంది. అది వాళ్ళ అత్తగారి ఊరనీ, ఆ పొలం వాళ్ళదేననీ నాకేం తెలుసు! చిన్నపిల్లకు చెప్పినట్టు నవ్వి, తరువాతి బొమ్మకు పోయాను.

ఆ తరువాత రెండు బుధవారాలు నర్సమ్మ రాలేదు. రెండోసారి టీసీ తాత చెప్పాడు, ఆమె ఒక్కగానొక్క కొడుకు చెన్నేకొత్తపల్లి దగ్గర హైవే మీద బండి మీంచి పడి చనిపోయాడని. ఆరోజు ఎవరూ కునుకు తీయలేదు. పైకప్పుల చిత్రాల గురించి నేనేదో చెప్పాను, వాళ్ళు విన్నారు. అయిపోయి మెట్లు దిగుతుంటే మండీ గడపలో నర్సమ్మ నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి నిలబడిందో, పైకి మాత్రం రాలేదు. నా చెయ్యి పట్టుకుంది.

"పాపా, ఆ రాతి వెనక రాసుండాదని చెప్తివే, అదేందో చదవగలుగుతావా?"

"ఎందుకమ్మా?"

"ఎల్లుండి పదకొండో దినం. మా ఇంట్లో మొగుడు పోయిన ఆడదాన్ని ఆ రాతికాడికి తీసుకుపోయి, ఆ చేతి ముందర గాజులు పగలగొడతారు. నాకు ఇరవై ఆరేండ్లప్పుడు పగలగొట్టినారు. ఇప్పుడు మా కోడలు. దానికి ఇరవై ఎనిమిది. పరిగి కాడ గార్మెంట్సులో కుట్టుపనికి పోతాది. వద్దని నేను చెప్తే మొగుణ్ణి తినింది, కొడుకును తినింది, ఇప్పుడు ఆచారం తింటాండాది అంటారు. నా మాట చెల్లదు. రాతి మాటయితే చెల్తాది. నువ్వొచ్చి చదువు."

ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే నిజం చెప్పేసేదాన్నేమో. "వస్తానమ్మా," అన్నాను. ఆ రెండు రోజులూ పుస్తకాలు ముందేసుకుని ఫోటోను తిప్పి తిప్పి చూశాను. తలకిందులు చేస్తే ఒక గీత "ర"లా ఉంది. మిగతావి ఏమీ లేవు. అన్నం సహించలేదు. "పెండ్లిచూపులకు పోతాండావా ఏమి, అట్ల భయపడతాండావు?" అన్నాడు నాయన, మగ్గం ఆపకుండానే. వెళ్ళి, నాకు చదవడం రాదని ఒప్పేసుకుందామని నిశ్చయించుకున్నాను.

శుక్రవారం నాడు పెనుకొండ కోట చూడటానికని సంఘం వాళ్ళు ముందే వ్యాను మాట్లాడుకుని ఉన్నారు. కోట యాడికీ పోదని, అందరూ నర్సమ్మతోనే పోదామని టీసీ తాత తీర్మానించాడు. నేను పెనుకొండ స్టేషనులో దిగి వ్యానెక్కాను. పదిహేనుమంది ముసలివాళ్ళూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, వేరుశనక పీకేసిన చేలో అడ్డంపడి నడుస్తుంటే, ఊరివాళ్ళు ఏదో తనిఖీ వచ్చిందనుకుని దారిచ్చారు. రాతి ముందు కోడలు కూర్చుని ఉంది. ఆఖరిసారి కదా అని రెండు చేతులకూ మోచేతులదాకా పచ్చగాజులు తొడిగారు. తల నిండా పూలు పెట్టారు. ముఖానికి పసుపు. అంత అలంకరణలో ఆ పిల్ల కళ్ళు మాత్రం ఎటూ చూడటం లేదు. ఆమె ఎదురుగా రాతి మీద ఆ చెక్కిన చెయ్యి, దాని గాజులు. ఇదే చేతిని గోడ మీద ఎర్రచుక్కతో చూపిస్తూ నేను గంటసేపు శైలుల గురించి మాట్లాడాను!

నర్సమ్మ బావగారు, ఆ ఇంటికి పెద్ద, కండువా సర్దుకుని ముందుకొచ్చాడు. "నువ్వేనంట కదమ్మా, రాతలు చదివేది? మా తాతల కాలంనుంచి ఈ వెనకపక్క ఏముండాదో మాకెవురికీ తెల్దు. చదువు, విందాం."

నేను రాతి వెనక్కి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాను. గీతలు నన్ను చూస్తున్నాయి, నేను గీతల్ని చూస్తున్నాను. ముందుపక్కనుంచి గాజుల గలగల వినబడింది. ఎవరో ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నారు. అంతే, నా నోరు దానంతటదే తెరుచుకుంది. "స్వస్తిశ్రీ!" అని అరిచాను. (శాసనాలన్నీ అలాగే మొదలవుతాయి. అదొక్కటి ఖాయంగా తెలుసు.) "శాలివాహన శకవర్షంబులు..." అని, ఎన్నో చెప్పలేక, "ఈడ అరిగిపోయింది," అన్నాను. "ఈ తల్లి ఆజ్ఞ ఏమనగా, ఈ రాతి ముందర ఏ ఆడదాని గాజులూ తీయరాదు. నా గాజులతోనే సరి. తీసినవారు, తీయించినవారు గంగ ఒడ్డున గోవును చంపిన పాపాన పోవుదురు!"

గాజుల మోత నిలిచిపోయింది. తల ఎత్తి చూస్తే ఊరి ఆడవాళ్ళు కొందరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉన్నారు. ఏడుస్తున్నారనుకున్నాను.

పెద్దాయన ఊరికే వదిలే మనిషి కాదు. "అట్లయితే ఇన్ని తరాలు తీస్తిమి కదా, ఆ పాపం యాడికి పోయిందంటావు?" అన్నాడు. శాసనాలకు ఎవరూ ఎదురుప్రశ్న వేయరు, దానికి నేను తయారై రాలేదు. అంతలో ఆయన సంఘం వాళ్ళ వైపు తిరిగాడు. "కన్నడం మేష్ట్రు ఉండాడంట కదా ఈడ? ఏమప్పా మేష్ట్రూ, ఈ పాప చదివింది సరేనా?"

మేష్ట్రు రాతి వెనక్కి రాకూడదు. నేను ఫోన్లో ఫోటో తెరిచి ఆయన చేతిలో పెట్టాను. ఆయన కళ్ళద్దాలు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. నా జీవితంలో అంత సేపు కళ్ళద్దాలు తుడిచిన మనిషిని చూడలేదు.

"సరిగ్గానే చదివింది," అన్నాడు. "తెలీక చేసిందానికి పాపం లేదు. ఈ పొద్దు విన్నాక చేస్తేనే."

పెద్దాయన చాలాసేపు ఆ చేతి వైపే చూశాడు. చివరికి రాతికి దండం పెట్టి, కోడలి తల మీద చెయ్యి వేసి, "లేయమ్మా, ఇంటికి పోదాం," అన్నాడు. అప్పుడు ఏడ్చింది ఆ పిల్ల. పదకొండు రోజుల్లో అదే మొదటిసారి అని తరువాత తెలిసింది.

తిరుగు వ్యానులో మేష్ట్రు నా ముందు సీట్లోంచి వెనక్కి తిరిగాడు. "ఏమ్మా, అవి అక్షరాలు కాదు, కొడవలి నూరిన గీతలు. నువ్వు గోడ మీద చూపించిన పొద్దే చూస్తి. చిన్నపిల్ల, అందరిముందర ఎందుకులే అని గమ్మునుంటి," అన్నాడు. నా ముఖం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. ఐదో ఉపన్యాసం మొత్తం కళ్ళముందు తిరిగింది.

కిటికీ పక్క సీట్లో కళ్ళు మూసుకుని ఉన్న నర్సమ్మ, మూసుకునే మాట్లాడింది. "ఎవురు నూరినారో అడుగు పాపా. ఆ వెనక్కి మగోళ్ళు రారు. కోతలప్పుడు మేమంతా ఆడనే కూచుని వక్కాకు వేసుకుంటిమి, కొడవళ్ళు నూరుకుంటిమి. అందులో నావీ ఉండాయి నాలుగైదు గీతలు. ఊర్లో ఆడోళ్ళందరికీ తెలుసు."

కొంగులు ఏడుపుకు అడ్డం పెట్టుకున్నవి కావని అప్పుడు అర్థమైంది. "మరి నన్నెందుకు పిలిచారమ్మా? మీరే ఏదో ఒకటి చదివినట్టు చెప్పొచ్చు కదా?"

"నేను చెప్తే గీతలే. నువ్వు చెప్తే రాత," అంది. నేను ఆమె చేతులు చూశాను. చూడకుండా ఉండలేకపోయాను. "మీరు కూడా వేసుకోండమ్మా, ఇప్పుడు," అన్నాను, తెలివి తక్కువగా. "నాకు పగలగొట్టినప్పుడు ఇట్ల చదివేవాళ్ళు లేకపోయిరి పాపా. ఇప్పుడేం వేసుకుంటానులే," అని మళ్ళీ కళ్ళు మూసుకుంది. పెనుకొండలో ప్యాసింజరెక్కి, ధర్మవరం దాకా కిటికీకి ముఖం ఆనించి ఏడ్చాను. ఎదురుగా కూర్చున్న అవ్వ ఒకామె నా చేతిలో గుప్పెడు బొరుగులు పోసి, ఎందుకని అడగకుండానే దిగిపోయింది.

నర్సమ్మ ఆ మరుసటి ఏడే పోయింది. ఆమె కుర్చీ మీద తువ్వాలు పెట్టిన బుధవారం ఉపన్యాసం నాదే. ఎర్రచుక్క లైటు సంచీలోంచి బయటికి తీయలేదు. మొన్న మా కాలేజీలో ఫీల్డు రిపోర్టులు దిద్దుతుంటే ఒక అమ్మాయి ప్రాజెక్టులో ఆ రాయి ఫోటో కనబడింది. పక్కనే కొత్తగా నిలబెట్టిన నల్లరాతి పలక. పెద్దాయన వేయించాడట. మెరిసే అక్షరాలతో "స్వస్తిశ్రీ" మొదలు గోవును చంపిన పాపం దాకా మొత్తం చెక్కించాడు. సంవత్సరం ఉండాల్సిన చోట "ఈడ అరిగిపోయింది" అని కూడా చెక్కించాడు. నేను చెప్పింది ఒక్క ముక్క వదల్లేదు. ఆ ఇంట్లో మళ్ళీ ఎవరి గాజులూ పగలలేదనీ, ఇది ఆ ఊరి ప్రాచీన ఆచారమనీ ఆ అమ్మాయి రాసింది. ఆధారం ఏమిటని మార్జిన్లో రాయబోయి, పెన్ను ఆపాను. ఆ ఇరవై నాలుగేళ్ళ పిల్ల, ఏమీ రాకుండానే అన్నీ వచ్చనుకున్న పిల్ల, రాతి వెనక మోకాళ్ళ మీద కూర్చుని నా వైపు చూసినట్టయింది. "బహుశా" అని రాసి, పూర్తి మార్కులు వేశాను.