నడకలకు పాట కట్టే లెమ్ ప్యాక్

లెమ్ ప్యాక్‌కి ఉన్న జబ్బు ఒక్కటే. మనిషన్నవాడు నాలుగడుగులు వేస్తూ కంటబడితే చాలు, ఆ నడకకి పాట కట్టకుండా ఉండలేడు. హాలీవుడ్‌లో ఫెన్నిక్‌గారి కార్టూన్ స్టూడియోలో ఆయన పియానో సరిగ్గా మెట్ల పక్కనే ఉండేది. అందుచేత అక్కడ పనిచేసేవాళ్ళెవరూ పాట లేకుండా మేడ ఎక్కిన పాపాన పోలేదు.

కట్టేది ఎప్పుడూ ర్యాగ్‌టైమ్ పాటే. ఎడమచెయ్యి కవాతు చేసే పోలీసులా నిక్కచ్చిగా అడుగులేస్తుంటే, కుడిచెయ్యి దాన్ని ఆటపట్టిస్తూ అరక్షణం ముందో వెనకో వచ్చి పడుతుంది. ఊళ్ళో డాన్సు హాళ్ళు ఆ పాటల్ని ఎప్పుడో వదిలేశాయి. కార్టూన్లలో పిల్లులూ ఎలుగుబంట్లూ మాత్రం ఇంకా వాటిమీదే బతుకుతున్నాయి.

రంగులేసే గదికి పెద్దదిక్కయిన మిస్ ఎగ్నెస్‌కి ఒళ్ళు మండిపోయేది.

"రేపట్నుంచి జోళ్ళు చేత్తో పట్టుకుని ఎక్కుతాను మిస్టర్ ప్యాక్. అప్పుడేం వాయిస్తారో చూస్తాను."

"ఎక్కండమ్మా. ఉత్తకాళ్ళకి వేరే పాటుంది."

కాపలాదారు ముసలి జెబ్ పోయినప్పుడైతే మరీ అన్యాయం. శవపేటిక మోస్తున్న ఆరుగురి నడక చూసి లెమ్ ఉండబట్టలేక ముక్కులోంచి కూనిరాగం తీశాడు. సమాధి దగ్గరికి చేరేసరికి ఆరుగురూ ఒకే తాళంలో ఊగుతున్నారు. అందరూ జెబ్ భార్య ముఖం చూడటానికి భయపడ్డారు. ఆవిడ రుమాలు తీసి, "బతికుండగా మా ఆయన ఇంత హుషారుగా ఎక్కడికీ వెళ్ళి ఎరగడు," అంది నవ్వుతూ.

అలాంటి చోటికి నార్మన్ టీగ్ వచ్చిపడ్డాడు. రివర్‌సైడ్‌లో నారింజపళ్ళు పెట్టెలకెత్తే పని మానుకుని, బొమ్మలు గీస్తానని భార్య థెల్మాని వెంటబెట్టుకుని వచ్చాడు. చెయ్యి మంచిదే. కానీ అతను గీసిన ఎలుగుబంటి నడిచేది కాదు, తేలేది. ఒక్కో అడుగుకి పన్నెండు బొమ్మలు గియ్యాలని కాగితం మీద రాసిచ్చారు. నార్మన్ లెక్కేమీ తప్పలేదు. లెక్క నడిచింది, ఎలుగుబంటే నడవలేదు.

"దీనికి బరువేదయ్యా?" అన్నాడు ఫెన్నిక్. "కిటికీ తీస్తే ఎగిరిపోయేట్టుంది. శనివారం మళ్ళీ చూస్తాను. నడిస్తే ఉంటావు, తేలితే ఇంటికి పోతావు."

ఇంట్లో థెల్మా ట్రంకుపెట్టె ఇంకా పూర్తిగా విప్పనేలేదు. సగం బట్టలు అందులోనే ఉన్నాయి.

ఇంత దిగులుతో అతను మెట్లెక్కుతుంటే లెమ్ ఊరుకుంటాడా? పాటకి మాటలు కూడా చేర్చాడు.

"దొరబాబు వచ్చాడు, నేల మీద అలిగాడు, కాలు కింద పెట్టడు..."

కాఫీకి వెళ్తే అదే, భోజనానికి వెళ్తే అదే. రెండు రోజుల్లో మేడంతా ఆ పాటే పాడుకోసాగింది. నార్మన్ ఓర్చుకుని ఓర్చుకుని చివరికి పియానో ముందు నిలబడ్డాడు.

"నా ఉద్యోగం ఊడేలా ఉంది మిస్టర్ ప్యాక్. మీకు నవ్వులాటగా ఉందా?"

"ఉంది," అన్నాడు లెమ్ చేతులాపకుండా. "కాస్త గట్టిగా అడుగెయ్యి. పాటకి అందటంలేదు."

నార్మన్ కోపంతో మెట్లు విరిగేలా తొక్కుకుంటూ పైకి వెళ్ళాడు. ప్రతి అడుగుకీ కింద ఎడమచెయ్యి దభీమని పడింది. కుర్చీలో కూర్చున్నా అతని కాలు బల్లకింద తాళం వేస్తూనే ఉంది. ఆ ముసలాయన్ని తిట్టుకుంటూ పాత బొమ్మలన్నీ చింపేసి, ఎలుగుబంటిని మొదట్నుంచీ గీశాడు.

శనివారం తెర ముందు అందరూ కూర్చున్నారు. టెస్టుకి పాట ఉండదు, ఉత్త పెన్సిలు బొమ్మలు ఆడతాయంతే. దీపాలార్పగానే లెమ్ మూలనున్న పియానో దగ్గర చేరి అదే పాట ఎత్తుకున్నాడు. ఇక్కడ కూడానా అని నార్మన్ తల దించేసుకున్నాడు. గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఇంకొకరు. తలెత్తి చూస్తే తెరమీద ఎలుగుబంటి పాదం సరిగ్గా ఎడమచేతి దెబ్బకి నేల తాకుతోంది. పాదం పడ్డాక దాని పొట్ట కుడిచేతితోపాటు అరక్షణం ఆలస్యంగా ఊగుతోంది. ఫెన్నిక్‌గారి బూటు కూడా నేలమీద తాళం వేస్తోంది.

"ఈ పాట ఎప్పుడు కట్టావు లెమ్?" అన్నాడు ఫెన్నిక్.

"ఈ అబ్బాయి వచ్చిన మొదటిరోజే. ఎలుగుబంటికి కట్టాను, ఇతనికి వినిపించాను."

"నన్ను వెక్కిరిస్తున్నారనుకున్నాను," అన్నాడు నార్మన్.

"అదీ ఉందిలే. నీకు ముందొచ్చిన నలుగురికీ నోటితోనే చెప్పాను. చక్కగా తలూపారు, ఇళ్ళకి పోయారు. వాళ్ళని చూసి బాధేసింది. నీకు కోపం తెప్పిద్దామనిపించింది."

నార్మన్ ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. లెమ్ విడిపించుకుని, "వాయించే చెయ్యయ్యా అది, నలిపెయ్యకు. పోయి మీ ఆవిడకి ఫోన్ చెయ్యి," అన్నాడు.

వరండాలో టెలిఫోన్ పట్టుకుని నిలబడ్డాడు నార్మన్. లోపల లెమ్ పియానో మీద మళ్ళీ అదే పాట ఎత్తుకున్నాడు.

"థెల్మా, ట్రంకుపెట్టె ఖాళీ చేసెయ్యి."

అవతల ముక్కు చీదిన శబ్దం. ఆ తర్వాత, "వెనకాల ఆ చప్పుడేమిటి?"

నార్మన్ ఉన్నచోటునుంచి కదలకుండానే చెప్పాడు.

"అది నేనే. నడుస్తున్నాను."