ఊరిదాని చేతి ఒడిబియ్యం

నా బిడ్డ రజిత సూరత్‌లో ఉంటుంది. దానికి ఒడిబియ్యం పోసి ఐదేళ్లు దాటింది. పెళ్లయిన ఆడపిల్లకు పుట్టింటివాళ్లు పసుపు కలిపిన బియ్యం దోసిళ్లతో ఒడిలో పోస్తారు. మా దగ్గర అది మర్యాద. పోయినసారి మా ఆయనా నేనూ కలిసి పోశాం. ఆ తర్వాత ఆయన పోయాడు. మొగుడు లేని ఆడది పోయకూడదంటారు. నాకా కొడుకుల్లేరు. బిడ్డ ఫోన్‌లో ఒక్కసారీ అడగలేదు. అడగకపోవడమే నాకు గుచ్చుకుంది. నా చేత్తో నేనే పోస్తానని బయలుదేరాను. నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెప్తుంటే పక్కింటి టీచరమ్మ రాస్తోంది.

బుధవారం పొద్దున తొమ్మిదింటికి మా ఊళ్లో బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఖర్చు లేదు. ఒక సంచిలో ఐదు శేర్ల బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు, పసుపు కొమ్ములు. ఇంకోదాంట్లో జొన్నరొట్టెలు, వెల్లుల్లికారం. మధ్యాహ్నం మూడు దాటాక రామగుండంలో అహ్మదాబాద్ బండి వచ్చింది. వెళ్లేవాళ్లు కింది బెర్తే అడిగి రాయించుకోండి, సంచులు కళ్లముందుంటాయి.

ఎదుటి సీటు కుర్రాడు ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. "సామ్నే ఏక్ దేహాతీ బైఠీ హై, పూరా బోరీ లేకే," అని నవ్వాడు. బస్తా నాదే, మాట నాకే. వరంగల్‌లో ఎక్కినావిడ పక్కనే ఉంటే అడిగాను.

"దేహాతీ అంటే ఏంది బిడ్డా?"

"ఊర్ల ఉండేటోళ్లు అని పెద్దమ్మా."

"గంతేనా? మరి గొంతు గట్ల పెట్టిండేంది?"

ఆవిడ పకపకా నవ్వింది. కుర్రాడు పై బెర్తెక్కి పడుకున్నాడు. నేను మాత్రం రొట్టె విరిచి పైకి అందించాను. వద్దనకుండా తిన్నాడు, కారం ఇంకొంచెం అడిగాడు.

తెల్లారి నందుర్బార్‌లో చాయ్. ఎనిమిదింటికల్లా సూరత్‌ను ఆనుకుని ఉన్న ఉధ్నా స్టేషన్‌లో దిగాను. అల్లుడు మగ్గాల ఖానాలో పొద్దుటి డ్యూటీకి వెళ్లాడట, బిడ్డే వచ్చింది. సంచి ఎత్తేటప్పుడు ఆటో అతను "గామడియా" అని గొణిగాడు. రజిత ముఖం దించుకుంది.

"ఏమన్నడే?"

"ఏం లేదు అవ్వా. గుజరాతీల ఊరోళ్లని గట్లంటరు."

"మనం ఊరోళ్లమే గదా, నువ్వెందుకు తల దించినవ్?"

మా దగ్గర ఊరోళ్లంటే పెళ్లికి పందిరి వేసేవాళ్లు, చావుకు కట్టె మోసేవాళ్లు. మా ఆయన్ని మోసింది ఊరోళ్లే. ఈ దారిలో మాత్రం అదే మాటకు బుద్ధి తక్కువవాళ్లని అర్థం.

ఉధ్నా నుంచి కోసాడ్ చాలా దూరం. అక్కడి కాలనీలో మూడో అంతస్తులో బిడ్డ ఇల్లు. మెట్ల మీద కలిసిన మనవాళ్లంతా "ఊర్ల వానలు పడ్డయా?" అని ఎంతో ఆశగా అడిగారు. లోపలికి వెళ్తే దాని అత్తగారు, నాకు వదిన, ముప్ఫై ఏళ్లుగా సూరత్‌లో ఉన్న మనిషి, సంచి చూసి మూతి విరిచింది.

"ఈడ బియ్యం దొర్కయా వదినె? ఊరోళ్లు ఎన్నడు మారరు, మోటుతనం పోదు."

"మారితే నువ్వు గుర్తుపట్టవని గిట్లనే వచ్చిన వదినె."

మధ్యాహ్నం బిడ్డకు చీర కొందామని రింగ్ రోడ్ మార్కెట్‌కు వెళ్లాం. నన్ను పైనుంచి కిందిదాకా చూసి దుకాణదారు ఒక కుప్ప ముందుకు తోశాడు. "యే గావ్ కా మాల్ హై," అన్నాడు. ఊళ్లకు పంపే సరుకట. ఊరికి ఇలాంటివి చాలనుకుంటారు కాబోలు. "పై అరలది తియ్యి," అన్నాను. ముదురాకుపచ్చది తీయించి, కొంగు నలిపి చూసి కొన్నాను.

శుక్రవారం పొద్దున తూర్పుముఖంగా పీట వేశారు. రజిత కొత్తచీరలో కూర్చుంది. నలుగురు ఇరుగుపొరుగు వచ్చారు. నేను దోసిలి నింపుతుంటే వదిన నా మోచెయ్యి పట్టుకుంది.

"నువ్వు జర పక్కకు కూసో వదినె. కింది అంతస్తు ముత్తైదువ పోస్తది."

"నా బిడ్డకు ఆమె ఎందుకు పోస్తది?"

"పద్ధతి గదా. మన ఊరి పద్ధతి."

నాకు ఒళ్లు మండింది. "నిన్న సంచి జూసి ఊరిదాన్నని నవ్వితివి. ఇయ్యాల నన్ను లేపనీకి ఊరి పద్ధతి గావాల్నా? ముప్ఫై ఏండ్ల కింద ఆడికెల్లి దెచ్చుకున్నది మూట గట్టి పెట్టుకున్నవ్. మా ఊరి ఆడోళ్ల సంఘంల ముగ్గురం మొగుళ్లు పోయినోళ్లం. మొన్న ఒకామె తన బిడ్డకు తనే పోసింది. ఆ పిల్ల సల్లగనే ఉన్నది. ఊరు మారింది వదినె, నువ్వే మారలే."

రజిత కొంగు పరిచి నా వైపు తిరిగింది.

"ఒడి నాది అత్తమ్మా. మా అవ్వ పొయ్యకుంటే నేను లేస్త," అంది.

వదిన చెయ్యి వదిలేసి వంటింట్లోకి వెళ్లి గిన్నెలు సర్దసాగింది. నేను ఐదు దోసిళ్లు పోశాను. చివరిదానికి రజిత ఏడ్చింది. నేను ఏడవలేదు. బొట్టు కూడా నేనే పెట్టాను.

ఆదివారం అల్లుడు తిరుగుబండి ఎక్కించాడు. వదిన రాలేదు. వార్ధా దాటాక ఆమే ఫోన్ చేసింది.

"ఒడిబియ్యం వండిన వదినె. అందరం తిన్నం."

"ముత్తైదువ తిన్నదా?"

"ఎక్కిరించకు." అని, గొంతు తగ్గించింది. "మా బాపు పొయ్యి ఇరువై ఏండ్లాయె. నాకు అన్నావదినెలు పోస్తరు. ఆ పొద్దు మా అవ్వ వంటింట్ల కూసుంటది, బయటికి రాదు. నేను సుత ఎన్నడు రమ్మనలే."

"ఇప్పుడు రమ్మను."

"నేనెట్లంట? అన్న కోపం జేస్తడు. నువ్వు మోటుదానివి గదా, నువ్వయితే అంటవ్. వచ్చేనెల ఒడిబియ్యానికి నేను ఊరికొస్త."

సూరత్ ఎలా ఉందని మీరడిగితే, మంచి ఊరే. చేతినిండా పని, మెట్లనిండా మనవాళ్లు. అక్కడ ఊరిని తలచుకుని ఏడుస్తారు, ఊరినుంచి వచ్చినదాన్ని చూసి నవ్వుతారు. వెళ్లినవాళ్లు తల మాత్రం దించకండి.

నా టికెట్ రామగుండం దాకా ఉంది. మంచిర్యాలలోనే దిగి, వదిన తల్లిగారి ఊరి బస్సెక్కాను.

"ఎవలింటికి పెద్దమ్మా?" అన్నాడు కండక్టర్.

"ఒక ముసలామెను వంటింట్లకెల్లి బయటికి దీస్కరావాలె. జల్ది పోనియ్యి," అన్నాను.