పన్నెండు ముడుల తాడు

మొన్న అంతర్జాతీయ క్రీడల్లో డైవింగ్ పోటీ టీవీలో చూశాను. పది మీటర్ల ఎత్తు నుంచి ఒక పిల్ల గాల్లో గిరగిరా తిరిగి, చుక్క చిందకుండా నీళ్ళలోకి దిగిపోయింది. ఆ వరసలో మనవాళ్ళు ఒక్కరూ లేరు. ఎందుకు లేరో వ్యాఖ్యాత క్షణంలో తేల్చేశాడు: మన పిల్లలకు ఎత్తంటే భయమట! ఒళ్ళు మండి ఈ బ్లాగులోనే నాలుగు మాటలు రాసి పడేశాను. దానికి గోదావరిఖని నుంచి కొమురయ్య అనే రిటైర్డ్ గని కార్మికుడు జవాబు రాశాడు. "భయం సంగతి మా స్రవంతిని చూసినంక రాయుండ్రి సారూ. ఆదివారం మా దగ్గర్నే సెలక్షన్లు." అలా బయల్దేరాను.

సికింద్రాబాద్‌లో పొద్దున్నే బండెక్కితే రామగుండానికి సుమారు నాలుగు గంటలు. జనరల్ టికెట్ వంద రూపాయలకు అటూ ఇటూ ఉంటుంది. స్టేషన్ బయట గోదావరిఖనికి షేర్ ఆటోలు దొరుకుతాయి, నా దగ్గర ముప్పై తీసుకున్నారు. ఈత కొలను దగ్గర దింపమంటే డ్రైవర్ యూసుఫ్ అద్దంలోంచి నన్ను ఎగాదిగా చూశాడు.

"తానం చెయ్యనీకె హైదరాబాద్ నుంచి వచ్చినవా అన్నా?"

"డైవింగ్ పోటీ చూడ్డానికి."

"దుంకుడా? అండ్ల నీళ్ళేడున్నయి? మోటరు ఖరాబై వారమాయె. రెండు ట్యాంకర్లు పోసి ఫొటోలు దిగిండ్రు. దుంకుతె నీళ్ళల్ల కాదు, సీదా దవాఖానల తేల్తరు."

నవ్వాను. నవ్వాల్సిన మాట కాదని రెండు గంటల తర్వాత గానీ తెలియలేదు.

కొలను పక్క సందులో స్రవంతి వాళ్ళమ్మ లక్ష్మి మెస్ నడుపుతోంది. ఎనభై రూపాయలకు అన్నం, పప్పుచారు, వంకాయ కూర. కడుపు నిండా పెడుతుంది. ఆవిడ మాత్రం గుమ్మం వైపే చూస్తోంది. "పొద్దటి సంది పిల్ల ముద్ద ముట్టలె సారూ. ఇయ్యాల గెలిస్తె రాష్ట్రం టీముల పడతది. వచ్చే ఏడు వయసు దాటుతది, ఇగ జూనియర్లల్ల తీసుకోరు."

అప్పుడే కొమురయ్య వచ్చాడు, మెడలో కండువాలా ఒక నైలాన్ తాడు వేసుకుని. అడుగుకో ముడి, పన్నెండు ముడులు, చివర బరువుకు ఇనుప నట్టు. ఇదేమిటని అడిగాను. "బొగ్గుబాయిల దిగంగనే ముందుగాల కర్రతోని పైకప్పు కొట్టి చూస్తం సారూ. గట్టిగ మోగితె పని షురూ. బోలుగ మోగితె ఎనుకకు. స్రవంతికి దుంకుడు నేర్పంగ గూడ ముందుగాల గదే చెప్పిన. తాడు దించంది మెట్టెక్కది."

రెండింటికి పోటీ మొదలైంది. ఎనిమిది మంది అమ్మాయిలు. మొదటి పేరు స్రవంతిదే. ఐదు మీటర్ల ఎత్తు గద్దె కింద గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని ఆ పిల్ల తాడు దించింది. నట్టు అడుగును తాకింది. మూడు ముడులు పొడిగా పైనే ఉన్నాయి.

"తొమ్మిదే ఉన్నయి సార్. ఇంత ఎత్తుకెల్లి దుంకాల్నంటె పన్నెండుండాలె. లేంది నేను దుంక."

టోపీ పెట్టుకున్న సెలక్షన్ అధికారి నవ్వాడు. "చాలమ్మా, నీ ఎత్తుకు దాదాపు రెండింతలు కాదూ? ఎక్కు. భయమేస్తే చెప్పు."

"భయం కాదు సార్. కొలత."

ఆయన తాడు వంక కూడా చూడలేదు. కాగితం మీద 'భయపడి వెనక్కి తగ్గింది' అని రాసి, పక్కన సున్నా చుట్టాడు.

అసలు కథ ఆ తర్వాతిది. అధికారులు అయిదు నిమిషాలు గుసగుసలాడుకున్నారు. మిగతా ఏడుగురినీ నీటికి మీటరు ఎత్తులో ఉన్న పలక మీద నుంచి దూకమన్నారు, 'సౌకర్యం దృష్ట్యా' అట! అంటే తాడు చెప్పింది నిజమని వాళ్ళకూ తెలిసింది. మరి స్రవంతికీ అక్కడి నుంచే అవకాశం ఇవ్వరేమని గట్టు మీద నిలబడి అరిచాను. "ఒకసారి వేసిన సున్నా మార్చడం కుదరదు. మీరెవరు?" అన్నాడాయన. నీళ్ళు నింపడం చేతకాని వాళ్ళకు సున్నా కాపాడుకోవడం మాత్రం బాగా వచ్చు.

కొమురయ్య గట్టు మీద కూలబడ్డాడు. "తప్పు నాదే బిడ్డా. బాయిల కప్పు మంచిగ లేదని ఎనుకకొస్తె మస్టర్ల హాజరు కొట్టెయ్యరు, ఆ జాగ బందు పెడ్తరు. ఈడ గూడ గంతే ఉంటదనుకున్న."

"నీ తప్పేంది కాకా?" అంది స్రవంతి. "ఆ సారు కొలిచిండా?"

గనుల్లో అన్నీ సవ్యంగా జరుగుతాయని నేననను. ఆ బొగ్గు ఎంతమందిని మింగిందో ఈ ఊళ్ళో ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. అందుకే ఇక్కడివాళ్ళు కొలిచి అడుగేస్తారు. ఆ జాగ్రత్తకు మన క్రీడా పెద్దలు పెట్టిన పేరు పిరికితనం. టీవీలో ఆ పిల్ల దూకినప్పుడు కింద నిండా నీళ్ళున్నాయి. ఆ నీళ్ళు నింపిన వాళ్ళ గురించి ఏ వ్యాఖ్యాతా మాట్లాడడు. మనకు ధైర్యం లేక కాదు, లోతు లేక పతకాలు రావడం లేదు. సాయంత్రం ఫలితాల కాగితం మీద అమ్మాయిలందరి సంతకాలు తీసుకున్నారు. స్రవంతి తన పేరు పక్కనున్న ఖాళీలో ఇంకో ముక్క రాసింది: 'కొలిచిన. తొమ్మిది.' ఇది రాసే చోటు కాదన్నాడు అధికారి. "జాగ ఉన్నది గద సార్," అంది. కొట్టేయడానికి ఆయన పెన్ను ఎత్తాడు. చుట్టూ ఏడుగురు అమ్మాయిలు నిలబడి చూస్తున్నారు. పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

మీ పిల్లల్ని ఎక్కడైనా డైవింగ్ పోటీకి తీసుకెళ్తుంటే ఒక్క సలహా. గోడ మీద రాసిన లోతును నమ్మకండి, అది కొలను నిండినప్పటి మాట. అడుగుకో ముడి వేసి, చివర నట్టు కట్టిన తాడొకటి సంచిలో పెట్టుకెళ్ళండి. పేరు పిలవక ముందే, పది మంది చూస్తుండగా దించండి.