ఆయ్ అన్న ఒకే ఒక్క పాఠకుడి కోసం రాజోలు దాకా

కోనసీమకి జనం గోదావరి చూడ్డానికి వెళ్తారు, కొబ్బరితోటలు చూడ్డానికి వెళ్తారు. నేను ఒక మనిషికి క్షమాపణ చెప్పడానికి వెళ్లాను. ఆయన పేరు కూడా నాకు అప్పటికి తెలియదు.

అనంతపురంలో ఒక డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్ని నేను. రెండేళ్ల కిందట తనిఖీ బృందం వస్తోందని, లైబ్రరీకి సోషల్ మీడియాలో ఏదో ఒక ఖాతా ఉండి తీరాలని మా ప్రిన్సిపాల్ గారు హుకుం జారీ చేశారు. నాలుగైదు వాక్యాలకి మించి రాయనివ్వని చోట ఒకటి తెరిచాను. ప్రతి సోమవారం ఒక పుస్తకం గురించి నాలుగు ముక్కలు రాసి, చివర "మీరు చదివారా?" అని అడిగేదాన్ని. బృందం వచ్చింది, చూసింది, వెళ్లిపోయింది. అడగడం మాత్రం నాకు అలవాటైపోయింది. ఇంట్లో నేనొక్కదాన్నే. కాలేజీలో పిల్లలు లైబ్రరీకి వచ్చేది ఫ్యాను కింద కూర్చోవడానికి. ఇంకో మనిషిని మనసారా ఏదైనా అడిగేది వారానికి ఆ ఒక్కసారే.

మొదటి ఏడాది ఎవరూ పలకలేదు. తర్వాత ఒకే ఒక్క ఖాతా నుంచి జవాబు రావడం మొదలైంది. ప్రతి శుక్రవారం సాయంత్రం, ఒకటే మాట: "ఆయ్". మా వైపు ఆయ్ అంటే గదమాయింపు. గోడెక్కిన పిల్లాణ్ణి, గేటు తోసుకొచ్చిన మేకని అంటాం. మొదట ఎవరో ఆకతాయి అనుకుని ఊరుకున్నాను. ఐదో వారానికి ఒళ్లు మండింది. వారమంతా ఊరుకుని శుక్రవారం పనిగట్టుకుని వచ్చి కసిరి పోవడం ఏమిటి? ముప్ఫై ఒక్క ఆయ్‌లు భరించి, ముప్ఫై రెండో సోమవారం పోస్టు పెట్టాక, శుక్రవారం రాకముందే ఆ ఖాతాని బ్లాక్ చేసి పారేశాను.

నాలుగు నెలల తర్వాత అమలాపురం అమ్మాయి ఒకామె మా కాలేజీలో లెక్చరర్‌గా చేరింది. స్టాఫ్ రూములో వాళ్లమ్మతో ఫోనులో మాట్లాడుతూ మాటకి ముందు ఆయ్, వెనక ఆయ్. అమ్మని అలా కసురుతావేమమ్మా అని అడిగాను. ఆమె తెల్లబోయి, కసరడం కాదు, మా వైపు ఆయ్ అంటే అవునండీ అని అర్థం అని చెప్పింది. నాకు తల కొట్టేసినట్టయింది. "మీరు చదివారా?" అని నేను అడగడం, "అవునండీ" అని ఆయన చెప్పడం. ముప్ఫై ఒక్క వారాలు.

ఆ సాయంత్రమే బ్లాక్ తీసేసి, మన్నించమని సందేశం పెట్టాను. జవాబు లేదు. అప్పుడు మొదటిసారి ఆ ఖాతా తెరిచి చదివాను. రాజోలుకి కాస్త ఇవతల ఒక ఊరి శాఖా గ్రంథాలయం అది. "ఉద్యోగాల పత్రిక వచ్చింది. ఒకటే కాపీ. ముందొచ్చినవారికి." "రేపు పన్నెండు దాకా కరెంటు ఉండదట. కిటికీ పక్క బల్ల ఖాళీగా ఉంది." ఒక్కో పోస్టు కింద పదిమంది పలకరింపులు, సగం మస్కట్ నుంచి, కువైట్ నుంచి. ఊళ్లో కొత్త వంతెన సంగతి పేపర్లో పడిందా అని ఒకరు అడిగితే, ఆ ముక్క ఫొటో తీసి పెట్టారు. లైబ్రేరియన్‌కి ఇలాంటి ఖాతా ఎందుకో నాకు ఆ రోజు తెలిసింది. అయితే నేను బ్లాక్ చేసిన వారం నుంచీ అక్కడ ఒక్క పోస్టూ లేదు. ఆయన బదిలీ అయ్యారో, ఇంకేమైనా అయిందో. ఉండబట్టలేక రెండు రోజులు సెలవు పెట్టాను.

ముందురోజే విజయవాడ చేరి, శనివారం పొద్దున్నే ఐదున్నర బస్సెక్కాను. తొమ్మిది దాటాక రావులపాలెంలో దిగాను. అరటిగెలల లారీల మధ్య నుంచి దారి చేసుకుని అమలాపురం బస్సు పట్టుకుంటే, కొత్తపేట మీదుగా గంటన్నర లోపే. అక్కడ కాంప్లెక్సులోనే రాజోలు బస్సు దొరుకుతుంది, అరగంట కన్నా ఎక్కువ ఆగక్కర్లేదు. రావులపాలెం నుంచి రెండు టిక్కెట్లూ కలిపి నూటయాభై లోపే అయింది. బస్సులో అందరికీ అందరూ తెలుసు. నా పక్క సీటు మాత్రం చివరిదాకా ఖాళీగానే ఉంది.

ఊళ్లో దిగేసరికి పన్నెండు కావస్తోంది. గ్రంథాలయం అనగానే ఆటో ఆయన ఇప్పుడు తాళమేసి ఉంటుందని, మళ్లీ నాలుగింటికే తీస్తారని చెప్పాడు. లైబ్రేరియన్నై ఉండి శాఖా గ్రంథాలయాల వేళలు మర్చిపోవడం నాకే చెల్లింది. తప్పకుండా తీస్తారా అని అడిగాను.

"ఆయ్," అన్నాడు, తల కూడా వంచి.

ఆ మాట ఎవరైనా నాతో మర్యాదగా అనగా వినడం అదే మొదలు. ఏడుపొచ్చినంత పనైంది.

రోడ్డు పక్క మెస్సులో తొంభై రూపాయలకి భోజనం. పనసపొట్టు కూర రెండోసారి వడ్డిస్తూ, వంటావిడ "ఒక్కరే వచ్చేరా అండి?" అని అడిగింది. అవునన్నాను. ఎవరింటికని అడిగితే, గ్రంథాలయానికి అన్నాను. నాలుగయ్యేదాకా కాలవగట్టు మీద కూర్చున్నాను. అవతల కొబ్బరికాయలు ఒలిచేవాళ్లు మాట్లాడుకుంటున్న కబుర్లన్నీ వినబడుతున్నాయి. వాటిలో నాకు సంబంధించినది ఒక్కటీ లేదని కొత్తగా తెలిసినట్టు దిగులేసింది.

నాలుగింటికి సైకిలు మీద వచ్చి తాళం తీసినాయన పేరు మూర్తి గారు. యాభై దాటి ఉంటాయి. ఒకటే గది, ఐదు బీరువాలు, ఇద్దరే పాఠకులు. మా కాలేజీ ఖాతా పేరు చెప్పగానే ఆయన ముఖం వాడిపోయింది. గబగబా కుర్చీ తుడిచి వేసి, తాను నిలబడే ఉన్నారు.

"నేనేం తప్పు రాసేనో ఇప్పటికీ తెలీలేదండి. ఆఫీసు ఖాతా కదండీ, పైవాళ్లకి ఫిర్యాదు వెళ్తుందేమోనని భయమేసి అసలు రాయడమే మానేసేను. ఫోన్లోంచి కూడా తీసేసేనండి."

నేను వచ్చింది ఫిర్యాదు విచారణకి అనుకున్నారు ఆయన. మా వైపు ఆయ్ అంటే ఏమిటో చెప్పి, తప్పు నాదని చెప్పి, చేతులు జోడించాను. ఆయన నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. ఇంకా బాధపడ్డారు.

"అయ్యో, అవును అని రాస్తే పెడసరంగా ఉంటుందని ఆయ్ అని రాసేనండి. చదువుకున్నవారు అడిగేరు కదా, మర్యాదగా చెబుదామని."

తర్వాత బీరువా తీసి, పుస్తకాలు ఇచ్చే రిజిస్టరు నా ముందు పెట్టారు. సోమవారం నేను ఏ పుస్తకం గురించి రాస్తే, మంగళవారం ఆ పుస్తకం ఆయన పేరు మీదే తీసుకున్నట్టు నమోదై ఉంది. తమ దగ్గర లేనివి అమలాపురం నుంచి తెప్పించుకునేవారట. శుక్రవారం గ్రంథాలయానికి సెలవు కాబట్టి, ఆ రోజు ఇంట్లో కూర్చుని పూర్తి చేసి, సాయంత్రం జవాబు రాసేవారు. చదవకుండా చదివానని చెప్పడం ఆయనకి చేతకాదు. ముప్ఫై రెండో పుస్తకం కూడా ఉంది అందులో.

"అదీ చదివేనండి. చెబుదామని చూస్తే మీరు దారి మూసేసేరు," అన్నారు, నిష్ఠూరం లేకుండానే.

నాకు ఒక పాఠకుడు ఉన్నాడు. నాలుగు ముక్కలు రాస్తే నాలుగొందల పేజీలు చదివే పాఠకుడు. నా చేత్తోనే నోరు నొక్కేశాను ఆయనకి. ఆయనతో పాటు మస్కట్‌లో ఊరి కబురు కోసం చూసేవాళ్లకీ ఏమీ లేకుండా చేశాను. మళ్లీ రాయమని బతిమాలాను. "చూద్దామండి," అన్నారు. ఏడింటికి కిటికీలు మూసి, నన్ను బస్సెక్కించి, బస్సు కదిలేదాకా నిలబడ్డారు.

ఇంటికొచ్చాక అవతల మనిషి ఎక్కడున్నాడో, ఏ భాషలో తలవంచాడో తెలియకుండా ఎంత తేలిగ్గా కోపం తెచ్చుకుంటామా అని ఆలోచిస్తూనే ఉన్నాను. ఒంటరితనం నన్ను మంచిదాన్ని చేసిందనుకునేదాన్ని, చెవిటిదాన్ని చేసింది. మొన్న సోమవారం మళ్లీ ఒక పుస్తకం గురించి రాసి, మీరు చదివారా అని అడిగాను. ఆయన ఖాతా ఇంకా ఖాళీగానే ఉంది. ఇవాళ గురువారం. మీలో ఎవరైనా ఆ వైపు వెళ్లి శాఖా గ్రంథాలయం చూడాలనుకుంటే ఒక్క సలహా: పొద్దున ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు. శుక్రవారం మాత్రం వెళ్లకండి. తలుపు తాళమేసి ఉంటుంది, మూర్తి గారు ఇంట్లో చదువుకుంటూ ఉంటారు. చదువుకుంటూనే ఉంటారనుకుంటున్నాను.