కుంకుమ భరిణెతో ఫోన్ మాట్లాడిన రోజు

నా నోటి పుణ్యమా అని ఒక మనిషి కొంపకే ఎసరు వచ్చిన కథ ఇది. నవ్వుకోండి, అభ్యంతరం లేదు. మా ఆయన ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నాడు.

హనుమకొండలో మా పక్కింటి సరళక్క పై వాటాలోకి ఏటూరునాగారం నుంచి రమ అనే అమ్మాయి ఒంటరిగా అద్దెకు దిగింది. ఏం పని అని అడిగితే "మార్కెట్ ఆఫీసుల" అంది. ఆఫీసు అనగానే నేను ఏసీని, కంప్యూటర్‌ను ఊహించుకున్నాను. కానీ రోజూ సాయంత్రం ఆమె ఎర్రటి కళ్ళతో, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ వచ్చేది. మా వంటింటి కిటికీ సరిగ్గా ఆ మెట్లకు ఎదురుగా ఉండటం నా తప్పా చెప్పండి?

"అక్కా, రోజు ఏడ్సుకుంటనే వస్తాంది," అన్నాను సరళక్కతో.

"ఎందుకట?"

తెలియదు అనొచ్చు. కానీ ఆ మాట నా నోటికి అలవాటు లేదు. "మొగడు ఇడిసిపెట్టిండేమో," అన్నాను.

మూడు రోజుల తర్వాత సరళక్కే పరుగున వచ్చింది. "విన్నవా? మొగనికి మందు పెట్టిందట! మతి పోయి ఇల్లిడిసి పోయిండట!"

"ఎవలు చెప్పిండ్లు?"

"అందరు అంటాండ్లు!"

నేను వండిన కూరే గిన్నె మార్చి తెచ్చిపెడితే, రుచి కూడా గుర్తుపట్టకుండా లొట్టలేసుకుంటూ తిన్నాను. పైగా భయపడ్డాను కూడా.

ఆ శుక్రవారం మా ఇంట్లో పసుపు కుంకుమ పేరంటం. భరిణె పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి, బొట్టు పెట్టి పిలుస్తున్నాను. రమ గేటు దగ్గరే నిలబడి ఉంది. నన్ను చూసి కొంగు సర్దుకుని, నవ్వుతూ నుదురు ముందుకు వంచింది. నాకు ఆ మందు మాట గుర్తొచ్చింది. ఫోన్ వచ్చినట్టు నటిద్దామని చేతిలో ఉన్నది చెవికి ఆనించి, "హలో! ఆ, చెప్పు వదినా!" అంటూ ముందుకు సాగిపోయాను.

చేతిలో ఉన్నది భరిణె. భుజం, మెడ, జాకెట్ అంతా కుంకుమ. రమ నవ్వు ఆగిపోయింది. నేను బొట్టు పెట్టని ఆ నుదురు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

వారం తిరక్కుండానే సరళక్క ఆమెను ఇల్లు ఖాళీ చేయమంది.

అది జరిగిన రెండు రోజులకే, ఏడాదికి సరిపడా కారం కోసం మిర్చి కొందామని మా ఆయనతో ఎనుమాముల మార్కెట్‌కు వెళ్ళాను. ఎర్రటి కుప్పల మధ్య అడుగుపెట్టానో లేదో తుమ్ములు, దగ్గు, కళ్ళలోంచి ధార. ఎవరో నా చేతికి నీళ్ళ సీసా ఇచ్చారు.

"కళ్ళు రుద్దకుండ్లి అక్కా, ఇంక మండుతయ్. నాకు రోజు గిదే బాధ."

రమ! ఆమె చెప్పిన మార్కెట్ ఇదేనట, ఒక కంపెనీ తరఫున మిర్చి నాణ్యత చూడటం ఆమె పనట.

"మరి మీ ఆయన?" అన్నాను, నీళ్ళు మింగుతూ.

"ఫారెస్టుల పని అక్కా. ట్రాన్స్‌ఫర్ కాలే. ఫోన్ల రోజు మాట్లాడ్తడు."

వరంగల్‌లో పుట్టి, కిరాణా కొట్టు ఆయనను చేసుకుని, మిర్చి ఘాటును మొగుడి బాధ అనుకున్న మేధావిని బహుశా నేనొక్కదాన్నే. ఇంటికి రాగానే సరళక్క దగ్గరికి పరుగెత్తాను.

"అక్కా, గదంత అబద్ధం! నేనే పుట్టిచ్చిన. ఆమెను ఖాళీ చేయించకు!"

సరళక్క నన్ను ఎగాదిగా చూసింది. "ఆమె చేతి నీళ్ళు తాగినవా?"

"తాగిన."

"అయిపాయె! నీకు గుడ మందు పెట్టింది!"

గడప గడపకూ తిరిగి నిజం చెప్పాను. అబద్ధానికి కుర్చీ వేసి చాయ్ ఇచ్చిన ఇళ్ళే, నిజాన్ని గేటు బయటే నిలబెట్టాయి.

రమ సామాను ఆటోలోకి ఎక్కుతుంటే వెళ్ళి అంతా ఒప్పుకున్నాను. ఆమె కోప్పడలేదు.

"కొత్త ఇంటికాడ అడిగిండ్లు అక్కా, ఎందుకు ఖాళీ చేస్తానవని."

"ఏం చెప్పినవ్?"

"ఎవల్ని తిట్టలే. పక్కింటక్క ఒక్కతి ఉండె, పాపం మాట్లాడనీకె ఇంట్ల ఎవలు లేరేమో, నా సంగతే మాట్లాడుకుంట పొద్దు గడిపేది అని చెప్పిన."

ఇప్పుడు నేను ఎన్నడూ అడుగుపెట్టని కాలనీలో, నన్నెన్నడూ చూడని ఆడవాళ్ళు నా మీద జాలిపడుతున్నారు. ఆ మాట రెండు వీధులు దాటేసరికి మా ఆయన నన్ను వదిలేసే ఉంటాడు.

అందుకే ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరి సంగతి తెలియాలన్నా వాళ్ళనే అడుగుతాను. అడగలేకపోతే "తెల్వదు" అని నోరు మూసుకుంటాను. మొదటిది ఇవాళే మొదలుపెడతాను. రెండోదానికి మాత్రం కొంచెం గడువు ఇవ్వండి.